మామగారి పొద్దుటి వార్తలు

బట్టల షాపులో ముప్పై ఏళ్ళు నిలబడి పనిచేసిన మనిషి ఒక్కసారిగా ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఏం చేస్తాడు? కొందరు కునికిపాట్లు పడతారు. కొందరు అయినదానికీ కానిదానికీ ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటారు. ఈ మామగారు మాత్రం ఫోన్లో సైన్సు వార్తలు చదవడం మొదలుపెట్టాడు. కొత్త ఫోనొచ్చినా, కంప్యూటర్ చిప్పు మరికాస్త చిన్నదైనా, ఆకాశంలో ఎక్కడో ఒక రాయి దారి తప్పినా ఆయనకి తెలియాల్సిందే. తెలిసినదాన్ని ఎవరికో ఒకరికి చెబితే తప్ప కడుపుబ్బరం తగ్గదు. ఉత్తినే చెప్పడం కాదు, తన తీర్పు కూడా జోడించి చెప్పాలి. షాపులో తోటివాళ్ళు ఆయన్ని రేడియో అనేవారు. "కట్టేయడానికి బటన్ లేని రేడియో" అని ఆయనే దాన్ని పొడిగించి నవ్వేవాడు.

భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడ వినేది. ఆవిడ పోయాక వంతు కూతురికొచ్చింది. కూతురి కాపురం నాలుగు వీధుల అవతల. రోజూ తెల్లారేసరికి ఆమె ఫోన్లోకి తండ్రి గొంతు వచ్చి పడేది. "బంగారం, విన్నావా? ఇవాళ ఒక వింత జరిగింది..." ఆమె పళ్ళు తోముకుంటూ విని, నురగ నోటితోనే నవ్వి, ఏదో ఒకటి తిరిగి పంపేది.

ఆ గొంతు వినబడినప్పుడల్లా అల్లుడు చల్లగా పక్కగదిలోకి జారుకునేవాడు. మామగారంటే అయిష్టమేం లేదు. అతనికి మాటలు రావు, అంతే. కళ్ళద్దాల షాపు వెనకగదిలో, అద్దాలను ఫ్రేముకి సరిపడేలా అరగదీసే పని అతనిది. మిషన్ రొదలో పొద్దస్తమానం ఒక్కడే కూర్చుంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మామాఅల్లుళ్ళ మధ్య నడిచిన మాటలన్నీ పోగేసినా ఒక కార్డుముక్క నిండదు. "బాగున్నారా మామయ్యగారూ?" "ఆ, బాగున్నానండీ అల్లుడుగారూ." ఆ పైన ఇద్దరూ చెరో గోడనీ చూసేవారు.

కడుపుతో ఉన్న కూతురికి ఏడో నెల వచ్చాక రక్తపోటు పెరిగింది. పాదాలు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. పరీక్ష చేసిన డాక్టరమ్మ ఇంటికి పంపకుండా అట్నుంచి అటే ఆసుపత్రిలో చేర్చుకుంది. "మంచం దిగొద్దు. ఫోను ముట్టుకోవద్దు. ఏ ఆలోచనలూ పెట్టుకోవద్దు" అంది. మొదటి రెండూ సరే, మూడోది ఎలా చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

సాయంత్రం ఆమె తన ఫోను తీసి భర్త చేతిలో పెట్టింది.

"నాన్న వార్తలు ఇకనుంచీ నువ్వు వినాలి."

"నేనా?"

"నువ్వే. ఆయన్ని మనింటికొచ్చి ఉండమన్నాను. నీకు వండిపెడతాడు, నాకు క్యారేజీ తెస్తాడు. నువ్వు చెయ్యాల్సింది వినడం ఒక్కటే. విని బెల్లం కొట్టిన రాయిలా ఉండకూడదు. ఏదో ఒకటి అనాలి."

"ఏమనాలి?"

"అవునా అను, చాలు. గొంతు పైకి లేపి 'అవునా!' అన్నావనుకో, ఆశ్చర్యం. కిందికి దించి 'అవునా...' అంటే అయ్యో పాపం. సాగదీసి 'అవు... నా' అంటే ఇంకా చెప్పండి అని. ఏదీ, అను చూద్దాం."

అతను మూడూ అన్నాడు. మూడూ ఒకేలా వచ్చాయి. పక్కమంచం మీదావిడ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మర్నాడే మామగారు ఒక చేతిసంచితో దిగిపోయాడు. వంటగదిలో పొయ్యి వెలిగించీ వెలిగించకముందే ఫోను తీసి గట్టుమీద నిలబెట్టాడు. దాని అద్దం ఒక మూల సాలెగూడులా పగిలి ఉంది. ప్రపంచంలో వచ్చిన ప్రతి కొత్త ఫోను మీదా తీర్పు చెప్పే మనిషి తన పాత ఫోనుని మాత్రం మార్చడు. మారుస్తానని కూతురన్నప్పుడల్లా "ఇదింకా నా మాట వింటోంది కదా, ఉండనీ" అంటాడు.

"అల్లుడుగారూ, మూడు మడతల ఫోనట!" ఉల్లిపాయ కోస్తూ మొదలెట్టాడు. "జీవితమంతా మడతలు పెట్టినవాణ్ణి చెబుతున్నాను, ఎంత ఖరీదైన గుడ్డైనా ముందు చిరిగేది మడత దగ్గరే."

"అవునా" అన్నాడు అల్లుడు.

"ఇది చూడండి. బట్టలు మడతపెట్టే రోబో. ఒక్క చొక్కాకి నాలుగు నిమిషాలు తీసుకుంటోంది! మా షాపులో అయితే మధ్యాహ్నం భోజనానికి ముందే ఇంటికి పంపించేసేవారు. అయినా పాపం, కొత్త కదా. నేనూ చేరిన కొత్తలో కాలర్లు తలకిందులుగా పెట్టేవాణ్ణి. నేర్చుకుంటుంది లెండి."

"అవునా."

"పదేళ్ళు ఆగకుండా నడిచే బ్యాటరీ కనిపెట్టామంటున్నారు."

"అవునా..." అన్నాడు అల్లుడు. గొంతు పొరపాటున కిందికి దిగిపోయింది.

మామగారు కత్తి ఆపి అతనివైపు తిరిగాడు. "అదేమిటండీ అలా అన్నారు? బ్యాటరీ మీకేం అపకారం చేసింది?"

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. టీ గ్లాసు పుచ్చుకుని బయటికొచ్చేశాడు.

కానీ రోజులు గడిచేకొద్దీ ఆ వార్తలు అతనికి తెలియకుండానే వంటబట్టాయి. ఒక గ్రహం మీద గాజు వాన కురుస్తుందేమోనని ఎవరో అన్నారట. "ఇది మీ శాఖ అల్లుడుగారూ. అక్కడ కళ్ళద్దాల షాపు పెడితే సరుకు కొనే పనే లేదు, వాకిట్లో గిన్నె పెడితే సరి" అన్నాడు మామగారు. ఆ రోజంతా మిషన్ ముందు కూర్చుని, గాజుపొడి మీద నీళ్ళు జారుతుంటే అతను తనలో తనే నవ్వుకున్నాడు. సాయంత్రం ఆసుపత్రికెళ్ళి ఆ మాటలన్నీ భార్యకి పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "నీ నోట వింటుంటే రైలు ఆలస్యంగా నడుస్తోందని స్టేషన్లో చెబుతున్నట్టుంది" అని ఆమె నవ్వింది. నవ్వొద్దని నర్సు వచ్చి మందలించింది.

ఒకరోజు పొద్దున అతను మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళి, మామగారి భుజం మీదుగా ఫోన్లోకి చూశాడు. ఏదో బొమ్మ. గాజులాంటి సంచిలో నీళ్ళు, ఆ నీళ్ళలో కళ్ళు మూసుకున్న గొర్రెపిల్ల. నెలలు నిండని పిల్లల్ని బతికించడానికి చేస్తున్న ప్రయోగమని కింద రాసుంది. మామగారి బొటనవేలు ఆ బొమ్మ మీద ఆగింది. తర్వాత గబగబా పైకి నెట్టేసింది.

"ఈ పూట వార్తలేం లేవండీ" అంటూ ఆయన గుడ్లు పగలగొట్టడానికి లేచాడు. పెంకుముక్క ఒకటి గిన్నెలో పడింది. పడిన సంగతి ఇద్దరూ చూశారు, ఇద్దరూ తీయలేదు. ఆ పూట కూరలో పెంకు పళ్ళకింద కరకరలాడుతుంటే, బిడ్డ నెలలు నిండకుండానే పుడుతుందేమోనన్న భయం తన ఒక్కడిదే కాదని అల్లుడికి అర్థమైంది.

ఆ వారంలోనే, అతను ఒక పెద్దాయన అద్దాలు మిషన్‌కి ఎక్కిస్తుండగా షాపుకి ఫోనొచ్చింది. ఇక ఆగడానికి లేదు, ఇప్పుడే ఆపరేషన్ చేసి బిడ్డని బయటికి తీయాలి, వెంటనే రమ్మన్నారు. ఒంటిమీద ఏప్రన్ విప్పే ధ్యాస కూడా లేకుండా పరిగెత్తాడు. మామగారు అప్పటికే ఆపరేషన్ గది బయట నిలబడి ఉన్నాడు. కూతురికని తెచ్చిన భోజనం క్యారేజీ చేతిలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు, క్యారేజీ కింద పెట్టలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లికి ప్రాణగండం తప్పిందిగానీ రక్తపోటు ఇంకా దిగలేదు, కొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలన్నారు. బిడ్డ రెండు అరచేతులు పక్కపక్కన పెడితే పట్టేంత ఉంది. పుట్టీ పుట్టగానే తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టారు. ముక్కుకి గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే పట్టీ, గుండెమీద తీగలు. పెట్టె నెత్తిన అంకెలు మారుతూనే ఉన్నాయి.

"మా గుప్పెడమ్మని చూశారా?" అంది ఆ వార్డు నర్సు. ఆ పిల్లకి ఇంట్లోవాళ్ళకంటే ముందు ఆవిడే పేరు పెట్టేసింది.

అల్లుడు మామగారివైపు చూశాడు. ఇంతటి యంత్రం! దీని గురించి ఎక్కడో చదివితే వారం రోజులు చెప్పేవాడు. ఇప్పుడు మాత్రం క్యారేజీని గుండెకి అదుముకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

మర్నాటి నుంచి ఇంట్లో వార్తలు లేవు. ఫోను గట్టుమీద బోర్లా పడి ఉండేది. గరిటె చప్పుడు, కుళాయి చప్పుడు, ఆయన కంచం ముందు పెట్టి "తినండి" అనడం, అంతే. ఇన్నేళ్ళూ నిశ్శబ్దంలో హాయిగా బతికిన అల్లుడు ఇప్పుడు అన్నం తింటూ ఆ ఫోనుకేసే చూసేవాడు.

ఆసుపత్రిలో భార్య అడిగింది. "ఇవాళ నాన్న ఏమన్నాడు?"

అతను తడుముకున్నాడు. "అదే... గాజు వాన కురిసే గ్రహం..."

"అది చెప్పేశావు."

"చొక్కాలు మడతపెట్టే రోబో..."

"అదీ చెప్పావు." ఆమె దిండు మీదనుంచి తల కాస్త ఎత్తింది. "ఆయన మాట్లాడట్లేదు కదూ?"

అతను తల ఊపాడు.

"అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడూ ఇంతే. నోరు కుట్టేసుకున్నాడు. అప్పుడు పక్కన నేనున్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయితే నువ్వు మాట్లాడు."

"నాకు రాదు కదా."

"రాకపోతేనే మంచిది. ఆయన దిద్దుతాడు."

మర్నాడు అతను బస్సులో కూర్చుని ఫోను తెరిచాడు. ఒక వార్త పట్టుకుని, పరీక్షకెళ్ళే పిల్లాడిలా పెదవులు కదుపుతూ దారిపొడుగునా వల్లెవేశాడు. వార్డు ముందు బెంచీ మీద మామగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతను పక్కన కూర్చున్నాడు.

"మామయ్యా, కొత్త ఫోనొకటి వచ్చిందట. దాని బ్యాటరీ... బ్యాటరీ రెండొందల మెగాపిక్సెల్సట."

ఆయన మెల్లగా తల తిప్పాడు.

"బ్యాటరీయా?"

"ఆ."

"బ్యాటరీకి మెగాపిక్సెల్స్ ఏమిటి నాన్నా? అవి కెమెరాకి కదూ?"

"అవునా!" అన్నాడు అల్లుడు. ఆ మాట ఆశ్చర్యంగా, సరిగ్గా ఉండాల్సినట్టే వచ్చింది.

మామగారికి నవ్వొచ్చింది. భుజాలు కదిలేలా నవ్వి, నవ్వుతూ నవ్వుతూనే పైపంచెతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదలడం మాత్రం ఆగలేదు. అల్లుడు ఆయన వీపుమీద చెయ్యి వేశాడు.

"ఇన్నాళ్ళూ ఊరికే వాగాను నాన్నా" అన్నాడాయన కాసేపటికి. "మడత ఫోను విరిగితే నాకేం పోయింది? రాకెట్టు కూలితే నాకేం పోయింది? ఏదైనా అనొచ్చు. ఇది అలా కాదే. ఆ పెట్టె ముందుకెళితే నాకు నోరు పెగలట్లేదు. ఏ మాటంటే ఏమవుతుందోనని."

అల్లుడు తన బూట్లవైపు చూశాడు. వాటి మీద ఇంకా గాజుపొడి ఉంది.

"నేనింకా పాపని సరిగ్గా చూడనేలేదు మామయ్యా" అన్నాడు. "లోపలికెళ్ళినప్పుడల్లా ఆ అంకెలే చూసి వచ్చేస్తున్నాను. ఏ తీగ ఎందుకుందో తెలియదు. దేన్ని చూసి భయపడాలో, దేన్ని చూసి భయపడక్కర్లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు."

అంత పెద్ద మాట అతని నోట మామగారు ఎన్నడూ వినలేదు. ఆయన మొహం తుడుచుకుని లేచాడు.

"పద, కనుక్కుందాం."

చేతులు మోచేతుల దాకా కడుక్కుని ఇద్దరూ లోపలికెళ్ళారు. మామగారు నర్సుని పట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. ఈ పెట్టెలో వెచ్చదనం ఎక్కడ్నుంచి వస్తుంది? ఆ ఎర్రపట్టీ ఏం కొలుస్తుంది? నీళ్ళ డబ్బా ఎందుకు? కరెంటు పోతే? ఆవిడ పని చేసుకుంటూనే అన్నిటికీ జవాబు చెప్పింది. కిందినుంచి వెచ్చటి తడిగాలి వస్తుందని, పట్టీ రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుందని, కరెంటు పోయినా లోపలి బ్యాటరీ కాపాడుతుందని.

"చూశావా నాన్నా, ఇక్కడా బ్యాటరీయే" అన్నాడు మామగారు.

ఇంతలో పెట్టె ఒక్కసారిగా కూతలు పెట్టింది. ఒక అంకె ఎర్రబడింది. ఇద్దరి పైప్రాణాలూ పైనే పోయాయి. నర్సు నింపాదిగా కన్నంలోంచి చెయ్యి పెట్టి పాదానికి పట్టీ సర్దింది. కూతలు ఆగాయి.

"తన్నింది, పట్టీ జారింది. ఇంకేం లేదు" అందావిడ. "మీరు అంకెలు చూడకండి, అవి చూడటానికి మేమున్నాం. మీరు పాపని చూడండి. రంగు ఎలా ఉంది, గుండె ఎలా ఎగురుతోంది, అది చూడండి."

అప్పుడు చూశాడు అతను. గులాబీరంగు తిరిగిన చర్మం, బఠాణీగింజంత మడమ, నిద్రలోనే ముడుచుకున్న కనుబొమలు. అచ్చం వాళ్ళమ్మ విసుక్కున్నట్టే ఉంది.

"తన్నిందట!" అన్నాడు మామగారు. ఆయన గొంతులోకి పాత రేడియో మళ్ళీ వచ్చింది. "పెట్టె బాగుంది నాన్నా. అటూ ఇటూ తలుపులు, చేతులకి కన్నాలు, అన్నీ ఆలోచించి చేశాడు చేసినవాడు. ఆ కూత ఒక్కటే బాలేదు. గుండె జబ్బున్నవాళ్ళకి కాదది, గుండె జబ్బు తెప్పించడానికి పెట్టినట్టుంది."

నర్సు నవ్వింది. అల్లుడూ నవ్వాడు.

కొన్నాళ్ళకి భార్యని చక్రాల కుర్చీలో తెచ్చి బిడ్డని చూపించారు. ఆమె అద్దానికి చెయ్యి ఆనించి ఏడుస్తుంటే, ఇటు తండ్రి, అటు భర్త, ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ ఏ తీగ ఎందుకో వివరించారు. ఆమె ఏడుపు ఆపి మొగుడివైపు వింతగా చూసింది. "ఇతన్ని ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ?" అని అతన్నే అడిగింది.

బిడ్డ కాస్త గట్టిపడ్డాక, పెట్టెలోంచి తీసి పెద్దవాళ్ళ ఛాతీకి ఆనించి పడుకోబెట్టమన్నారు. మనిషి ఒంటి వేడి మంచి చేస్తుందట. తల్లికి ఓపిక ఉన్నంతసేపు తల్లి, తర్వాత తండ్రి. అతను షాపుకి వెళ్ళక తప్పని ఒక మధ్యాహ్నం తాతగారి వంతొచ్చింది. చొక్కా గుండీలు విప్పడానికి ఆయన పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. నెరిసిన వెంట్రుకల మధ్య నర్సు ఆ పిల్లని బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. పని ముగించుకుని అల్లుడు తిరిగొచ్చేసరికి ఆయన కదలకుండా, కాళ్ళు తిమ్మిరెక్కినా సర్దుకోకుండా అలాగే ఉన్నాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

ఆయన ఊపిరి బిగబట్టినంత మెల్లగా అన్నాడు. "నా గుండె చప్పుడు వింటోంది. కాస్త ఎక్కువ కొట్టుకుంటోందేమో, దానికి నిద్ర చెడుతుందేమోనని చూస్తున్నాను."

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. మధ్యలో ఒకసారి బిడ్డకి జ్వరం తగిలింది. ఒకసారి పాలు అరగక మళ్ళీ గొట్టం పెట్టారు. ఆ రోజుల్లో మామాఅల్లుళ్ళు బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఒక ఫోన్లోనే తల దూర్చేవారు. ఒకాయన చదివేవాడు, ఒకతను తప్పులు మాట్లాడేవాడు, మళ్ళీ ఆయన దిద్దేవాడు. ఎప్పుడు మామగారి గొంతు తడబడితే అప్పుడు అల్లుడు ఫోను అందుకునేవాడు. ఇద్దరూ "గారు" అనుకోవడం ఎప్పుడు మానేశారో ఇద్దరికీ గుర్తులేదు.

చివరికి ఒక ఆదివారం పొద్దున డాక్టరమ్మ బిడ్డని తూచి, ఇక తీసుకెళ్ళొచ్చంది. సామాను సర్దడం, మందులు తీసుకోవడం, నర్సుకి చెప్పి రావడం అయ్యేసరికి పొద్దెక్కింది. నర్సు బిడ్డ బుగ్గ నిమిరి "ఇక నువ్వు గుప్పెడు కాదే, ఒడి నిండావు" అంది. కారు వచ్చి వాకిట్లో ఆగింది. తల్లి ఒళ్ళో బిడ్డ, తాత చేతిలో సంచులు. తండ్రి మాత్రం కనబడలేదు.

మామగారు వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాడు. వార్డులో ఆ పెట్టెని శుభ్రంగా తుడిచి, అప్పుడే మరో బిడ్డని పడుకోబెట్టారు. దాని ముందు ఎవరో కుర్రతండ్రి, బట్టలకి రంగు మరకలతో, పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, అంకెలకేసి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. అల్లుడు అతని పక్కన నిలబడి మెల్లగా, తడుముకోకుండా చెబుతున్నాడు.

"ఆ ఎర్రపట్టీ చూశారా, అది జారితే కూత పెడుతుంది. భయపడకండి, వాళ్ళొచ్చి సర్దుతారు. వెచ్చదనం కిందినుంచి వస్తుంది. కరెంటు పోయినా ఏం కాదు, లోపల బ్యాటరీ ఉంది. అంకెలు వాళ్ళు చూసుకుంటారు. మీరు బాబుని చూడండి. అదిగో, ఆ వేళ్ళు చూడండి."

మామగారు పిలవకుండానే కారు దగ్గరికి తిరిగొచ్చాడు.

"ఏడి నాన్నా?" అంది కూతురు.

"లోపల ఒకతనితో మాట్లాడుతున్నాడమ్మా."

"ఎవరు?"

"ఎవరో, తెలియదు."

"తెలియనివాళ్ళతోనా? ఈయనా?"

"కాసేపు ఉండనీ" అన్నాడు ఆయన. సంచులు కారులో పెట్టి, బిడ్డ మొహాన ఎండ పడకుండా తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.